మైదానంలో ఉయ్యాలో

మొన్న మావాడు సెల్‌ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టి, "అమ్మా, నువ్వు చిన్నప్పుడు ఉన్న దేశంల మ్యాచ్ అయితుంది, చూడు" అన్నాడు. చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఓరకంట చూశాను. పచ్చగడ్డి, బంతి, దాని వెంట పరుగులు, అంతా మామూలే. కెమెరా జనం వైపు తిరిగింది. అక్కడ ఆడవాళ్ళు! నల్లబట్టల మీద జట్టు రంగు కండువాలు వేసుకుని, నోరంతా తెరిచి, మగవాళ్ళతో సమానంగా పాటలు పాడుతున్నారు. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "మళ్ళ చూపియ్యిరా, ఆ ఆడోళ్ళను మళ్ళ చూపియ్యి" అన్నాను. "గోల్ చూడక జనాన్ని చూస్తవేందమ్మా!" అని వాడు నవ్వాడు. వాడికేం తెలుసు? మేమున్న రోజుల్లో మైదానం గేటు దాటి ఆడపురుగు లోపలికి పోయేది కాదు.

మేమున్న ఊరు ఖమీస్ ముషైత్. అరబ్బు దేశం కదా, ఎడారి అనుకుంటారు చాలామంది. కాదు. అది కొండల మీది ఊరు. చలికాలం స్వెట్టర్ లేకుండా బయటికి పోలేము. మధ్యాహ్నం దాటాక మబ్బు కిందికి దిగి వీధుల్లో తిరిగేది. కోతులు గుంపులుగా వచ్చి ఆరేసిన రొట్టెలు ఎత్తుకుపోయేవి. నాన్న ఒక కంపెనీలో కరెంటు పని మేస్త్రీ. ఊళ్ళోని ఫుట్‌బాల్ మైదానం దీపాలూ మైకులూ ఆయనే చూసుకునేవాడు. ఆ మైదానం గోడ వెనకే ఒక మేడలో పైవాటా మాది. కింద ఇంటిగలవాళ్ళు ఉండేవారు.

ఇంటిగలామెను అమ్మ ఖాలా అనేది, అంటే పిన్నమ్మ. కాబట్టి అందరికీ ఆమె ఖాలాయే. గోరింటాకుతో ఎర్రబడ్డ జుట్టు, చేతులకు యాలకుల కాఫీ వాసన, గొంతు మాత్రం పదహారేళ్ళ పిల్లది. ఆమె ఇంట్లో వంటకూ పనికీ కడప వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఆమెను నేను అత్త అని పిలిచేదాన్ని. కింద ఏం జరిగినా పొయ్యి మీద పాలు పొంగే లోపల పైకి వచ్చి చెప్పిపోవడం అత్తకు అలవాటు. ఖాలా ఒక్కగానొక్క కొడుకు ఊరి జట్టు అభిమానులకు పాటలు అందించేవాడు. ఊళ్ళో ఆయనకు ఆటగాళ్ళ కన్నా ఎక్కువ పేరు.

శుక్రవారం సాయంత్రం నమాజు కాగానే మ్యాచ్ మొదలయ్యేది. నాకు పైకప్పు ఎక్కడం నిషేధం. అందుకే ఎక్కేదాన్ని. నీళ్ళ ట్యాంకు వెనక, పిట్టగోడలో పూలబిళ్ళల సందుల్లోంచి మైదానం సగం కనిపించేది. నాకు కావలసింది ఆ సగమే, ఎందుకంటే పాటలాయన అక్కడే నిలబడేవాడు. ఒక స్టూలు ఎక్కి, ఆటకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి. పక్కన ఇద్దరు డప్పులు వాయించేవాళ్ళు. ఆయన చెయ్యి ఎత్తితే ఒక పక్క జనం పాడేవారు, దించితే రెండో పక్క అందుకునేవారు. ఆట మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఒక్కసారీ వెనక్కి తిరిగేవాడు కాదు. తిరిగితే జనం గొంతు సడలుతుందట. ఇంటికొచ్చాక మెట్ల మీద మా నాన్నను పట్టుకుని "గోల్ ఎవడు కొట్టాడు? ఎటు నుంచి కొట్టాడు?" అని అడిగేవాడు. మా నాన్నకు నవ్వాగేది కాదు.

ఆ పాటలు ఎక్కడి నుంచి వస్తాయో నాకు తెలిసిన రోజు నేను నోరు తెరిచాను. ఒక మధ్యాహ్నం గిన్నె తిరిగి ఇవ్వడానికి కిందికి పోయాను. ఖాలా చాప మీద కూర్చుని ఆకుకూర దూస్తోంది. ఆమె మోకాళ్ళ దగ్గర అంతటి మీసాల కొడుకు బాసింపట్టు వేసుకుని, బడిపిల్లాడిలా ఆమె ఒక ముక్క పాడితే ఒక ముక్క అంటున్నాడు. పక్క ఊరి జట్టును వెక్కిరించే పాట అది. మా కొండ మీద మబ్బు దిగింది, మీ గోలు కాపలావాడికి బంతి కనబడదు, వాడి తల్లి లాంతరు పంపాలి! ఒక ముక్క ఆయన తప్పు పాడితే కాడతో మొట్టింది.

జన్మలో ఫుట్‌బాల్ మైదానం చూడని ముసలామె ఊరి మగవాళ్ళందరి చేతా పాడిస్తోంది. నన్ను చూడగానే కొడుకు ముఖం ఎర్రబడింది. అత్త నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"యాడా నోరు జారొద్దు పాపా. ముసలామె కట్టిన పాటలని తెలిసిందంటే ఆ అబ్బి మగోళ్ళల్లో తలెత్తుకోలేడు."

ఆ తరవాత యుద్ధం వచ్చింది. ఊరికి దగ్గరగా సైనిక విమానాల స్థావరం ఉండేది. అవి లేచినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనేవి. మ్యాచ్‌లు ఆపేశారు, బడి మూసేశారు, సెలవులన్నీ రద్దు చేశారు. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఊరవతల కూలీల క్యాంపులో ఉండి తాపీ పని చేసేవాడు. శుక్రవారం శుక్రవారం వచ్చి అమ్మ చేతి సర్వపిండి తిని పోయేవాడు. ఇంటికి పోవడానికి పెట్టె కట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. ఆ క్యాంపులో నిండా కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళే. అందరిదీ అదే కథ.

సైరన్ మోగితే కింది వాటాలో నడిమి గదిలోకి పోవాలని చెప్పారు. విషవాయువు లోపలికి రాకుండా కిటికీలకు టేపు అంటించి, తలుపు కింద తడి తువ్వాళ్ళు కుక్కేవాళ్ళం. మా కొండల దాకా ఏ క్షిపణీ రాలేదు కానీ సైరన్ మాత్రం వచ్చేది. మొదటిసారి మోగినప్పుడు పిల్లలందరం ఏడ్చాము. ఖాలా మనవరాళ్ళు ఇద్దరూ గుక్కపట్టారు. అమ్మకు ఏం చెయ్యాలో తోచలేదేమో, లేచి నిలబడి, నన్ను లేపి, పిల్లల్ని చుట్టూ నిలబెట్టి చప్పట్లు మొదలుపెట్టింది. వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట.

"గునుగు పూలు తెంపబోతె ఉయ్యాలో, గుట్ట మీద మబ్బులాయె ఉయ్యాలో."

బతుకమ్మ పాట! వేరే దేవుళ్ళను కొలవడం నేరమైన ఆ దేశంలో తలుపులు వేసుకుని, పైవాటాలో కూడా గొంతు పెగలనీయకుండా పాడుకునే పాటను అమ్మ ఇంటిగలవాళ్ళ మధ్య నిలబడి పాడుతోంది. నాకు సైరన్ భయం పోయి ఈ భయం పట్టుకుంది. ఖాలా ఏమంటుందోనని చూశాను. ఖాలా గోడకు తగిలించిన డప్పు దింపింది! రెండో చరణానికి దరువు పట్టేసింది, మూడోదానికి "ఉయ్యాలో" అందుకుంది. మాట అర్థం అడిగింది. అమ్మ వచ్చీరాని అరబ్బీలో, చేతులతో, కొండ, మబ్బు, పూలు అని చెప్పింది. బతుకమ్మ గురించి మాత్రం చెప్పలేదు. ఆ యుద్ధమంతా ఆ గదిలో ఆ పాటతోనే గడిచింది. కిటికీ టేపు జిగురు వాసన, నానిన తువ్వాళ్ళ వాసన, అత్త కాల్చే రొట్టెల వాసన ఇప్పటికీ నాకు ఆ పాటలోనే ఉంటాయి.

యుద్ధం ముగిసింది. టేపులు పీకేశారు. మైదానం మళ్ళీ తెరిచిన శుక్రవారం ఊరు ఊరంతా అక్కడే ఉంది. క్యాంపు వాళ్ళు కూడా వచ్చి, మూలనున్న ఖాళీ మెట్ల దగ్గర కూర్చున్నారు. మామ అమ్మ అల్లిన ఎర్ర స్వెట్టర్ వేసుకున్నాడు కాబట్టి ఇట్టే కనిపించాడు. నేను ట్యాంకు వెనక నక్కాను. అమ్మ ఆరిన బట్టలు తీయడానికి పైకి వచ్చి నన్ను పట్టుకుని తిట్టబోతోంది. అప్పుడు పాటలాయన స్టూలు మీద చెయ్యి ఎత్తాడు.

డప్పు మోగింది. ఒక చప్పట. ఇంకో చప్పట. జనం ఎత్తుకున్నారు.

అమ్మ చేతిలో బట్టలు కింద పడిపోయాయి. మాటలు అరబ్బీవి, బాణీ మాది. మా కొండ మీద మబ్బు దిగింది అంటూ వేల గొంతులు మా ఉయ్యాలోను ఊపుతున్నాయి. ఆ శబ్దం వచ్చి నా రొమ్ముకు తగిలింది. అమ్మ పిట్టగోడ పట్టుకుని, "అయ్యో నా తల్లీ, అయ్యో నా తల్లీ" అంటోంది. అది సంతోషమో భయమో ఆమెకే తెలియదు.

అంతటితో ఆగినా బాగుండేది. మూలన ఎర్ర స్వెట్టర్ లేచింది. మామ మెట్లు దిగి కింది నేల మీద నిలబడి, వంగి చప్పట కొట్టాడు. పక్కవాడు లేచాడు, ఇంకొకడు లేచాడు. చూస్తుండగానే క్యాంపు వాళ్ళంతా గుండ్రంగా వలయం కట్టి తిరగడం మొదలుపెట్టారు. వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట. సిమెంటు చేతులతో, తలలకు గుడ్డలు చుట్టుకున్న గడ్డం మగవాళ్ళు! మగవాళ్ళు అట్లా బతుకమ్మ ఆడటం నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. ఇళ్ళల్లో అక్కలూ పెళ్ళాలూ ఆడుతుంటే పక్కన నిలబడి చూసినవాళ్ళే. ఆ ఏడు అదీ చూడలేదు. ఒళ్ళు తెలియకుండా "ఉయ్యాలో" అని గొంతెత్తి అరుస్తున్నారు.

జనం పాట ఒక్కో వరుసా ఆగిపోయింది. అందరూ వాళ్ళనే చూస్తున్నారు. పాటలాయన మొదటిసారి తల తిప్పాడు. డప్పులు ఆగాయి. అయినా ఆ వలయం మాత్రం ఆగలేదు. అంత పెద్ద మైదానంలో వాళ్ళ చప్పట్లు ఒక్కటే వినిపించాయి. ఆ తరవాత పోలీసుల ఈలలు.

నాన్న ఇంటికి వచ్చేసరికి ఆయన ముఖంలో రక్తం లేదు.

"నీ తమ్మున్ని పట్టుకపోయిన్రు. ఇంకో నలుగురైదుగురిని గుడ. గుండ్రంగ ఎందుకు తిరిగిన్రు, ఏమని ఒర్రిన్రు, ఎవరు నేర్పిన్రు అని అడుగుతున్రు."

"లడాయి అయిపోయింది గద? ఆడితే ఏమైతది?" అంది అమ్మ.

"ఇది హిందువుల దేవతకు మొక్కే పాట అని ఎవరో చెవుల ఏసిన్రట. అది ఖాయమైతే నీ తమ్మునికి జైలు, ఆ మీద ఖురూజ్ కొట్టి పంపుతరు. మైకుల నుంచి ఇసొంటి పాట పోయిందని నన్నూ ఉంచరు."

ఖురూజ్ అంటే దేశం విడిచి పొమ్మనే ముద్ర. అది పాస్‌పోర్టులో పడ్డవాడు మళ్ళీ ఆ గడప తొక్కలేడు. అమ్మ ఏడవలేదు. పొయ్యి మీది అన్నం మాడి వాసన వస్తున్నా లేవలేదు. "ఆ పాట ఆ గదిల ఎందుకు పాడితిని" అని ఒక్కటే మాట పదే పదే అంది.

మరుసటి రోజు అత్త పరుగున వచ్చింది. "అక్కా, కిందికి రావాలంట. పోలీసు పెద్దాయన తల్లి వచ్చిండాది. మా ముసలామె నిన్ను పిలుస్తాండాది. నువ్వేం మాట్లాడొద్దంట, ఆమె చెప్పినట్టు చెయ్యమనింది, అంతే."

అమ్మ నన్నూ వెంట తీసుకుపోయింది. సాంబ్రాణి పొగ గది నిండా. గోడ వెంట దిండ్లకు ఆనుకుని ఊరి పెద్దింటి ఆడవాళ్ళు కూర్చున్నారు. మధ్యన పోలీసు అధికారి తల్లి. ఖాలా ఆమె చేతికి కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ పాట ఎక్కడిది?" అని అడిగింది వచ్చినామె, మర్యాదలన్నీ అయ్యాక. "మీ అబ్బాయి ఎక్కడ నేర్చుకున్నాడు?"

"వల్లాహి, నాది," అంది ఖాలా. "విమానాలు పోతున్నప్పుడు ఈ గదిలోనే కట్టాను. అదొక్కటే కాదు. మైదానంలో ఇన్నేళ్ళుగా మీ కొడుకులు పాడే పాటలన్నీ నావే. లాంతరు పాట నాది. ఒంటె కాళ్ళ పాట నాది. నా కొడుకు నా నోటి నుంచి ఎత్తుకుపోయి పాడుతున్నాడు."

గదిలో కాఫీ కప్పులన్నీ ఆగిపోయాయి. ఎవరో ఒకామె "యా సలాం!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దేవుడి మీద ఒట్టు వేసి ఖాలా అబద్ధమాడింది. తన కొడుకు పరువు తీసే నిజం కూడా దాని పక్కనే పెట్టింది. పిల్లదాన్నే అయినా ఆ రెండూ నాకు ఒక్కసారే తగిలాయి.

"మరి ఆ కూలీలకు ఎట్లా తెలుసు?"

"పైవాటా అమ్మాయి నా దగ్గర నేర్చుకుంటోంది. ఆ పిల్లవాడు ఆమె తమ్ముడు. వాళ్ళింట్లో విన్నాడు, స్నేహితులకు నేర్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టి ఆడితే తప్పేముంది?" అని మా అమ్మ వైపు తిరిగింది. "రా అమ్మాయీ. నిన్న ఎక్కడ ఆపాము? నా వెంట పాడు."

ఖాలా డప్పు తీసుకుని మొదటి ముక్క పాడింది. అమ్మ తల వంచుకుని అందుకుంది. తప్పుగా. పైకి పోవలసిన చోట కిందికి పోయింది. ఖాలా నవ్వి, "కాదు, కాదు, ఇట్లా" అని మళ్ళీ పాడింది. అమ్మ మళ్ళీ తప్పింది. దరువుకు ముందే చప్పట కొట్టింది. ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మా ఊళ్ళో పాట ఎత్తుకోమని ఇళ్ళకు వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు మా అమ్మను! ఆమె అక్కడ అందరి ముందూ గొంతు లేనిదానిలా, చెవి లేనిదానిలా తన పాటను తానే కుంటిస్తోంది. ఒక్కసారి కాదు, వాళ్ళకు నమ్మకం కుదిరేదాకా. నేను నోరు తెరవబోయాను. అత్త నా తొడ మీద గిల్లిన గిల్లుడుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చివరికి ఆ పెద్దామె కాఫీ కప్పు ఊపి కింద పెట్టింది, ఇక చాలు అన్నట్టు. "ఈ పిల్లకు పాట రాదు ఖాలా, వదిలెయ్" అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

ఆ మరునాటికి మామను వదిలేశారు. మిగతావాళ్ళనూ వదిలేశారు. మామ వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. పళ్ళెంలో అన్నం కెలుకుతూ అమ్మను అడిగాడు. "అక్కా, ఠాణల వాళ్ళందరు గది మా ముసలమ్మ పాటనే అంటున్రు. నిజంగ మనది కాదా? నాకే పిచ్చి లేసిందా?"

"తిను తమ్మీ. వాళ్ళదే" అంది అమ్మ.

మామ ముఖం చూడలేక పైకప్పు మీదికి పోయాను.

పాటలాయన స్టూలు ఎక్కడం మానలేదు కానీ, కొన్ని వారాలు జనం ఆయన్ను "అమ్మ కొడుకా" అని ఏడిపించారట. తరవాత వాళ్ళే వచ్చి, ముసలమ్మను కొత్త పాట అడగమని గుమ్మం దగ్గర నిలబడ్డారు. అది చూసి అత్త నవ్వీ నవ్వీ అలసిపోయింది. అయితే మామను వదిలిన ఆ వారం మాత్రం అత్త నవ్వుతూ రాలేదు.

"ముసలామె పొద్దన్నుంచి మంచినీళ్ళు గూడ ముట్టల్యాదక్కా. నిన్నా అంతే. రంజాను కాదు, ఏం కాదు. ఏందమ్మా అంటే, దేవుని మీద అబద్ధం ఒట్టేసినా, ఉపవాసం ఉండి క్షమించమని అడుక్కోవాల అంటాది."

అమ్మ పిండి కలుపుతోంది. చేతులు కడుక్కుని, పొయ్యి ఆర్పింది. ఆ రోజు అమ్మ కూడా ఏమీ తినలేదు. నాన్న ఎంత చెప్పినా వినలేదు. "నా కోసం ఆమె కడుపు మాడ్చుకుంటుంటే నాకు ముద్ద దిగుతదా?" అంది. సూర్యుడు కొండ వెనక్కి పోయే వేళకు సర్వపిండి ఒకటి కాల్చి, గిన్నెలో పెట్టుకుని కిందికి దిగింది. నేనూ వెంట పోయాను.

మసీదు నుంచి బాంగు వినపడింది. ఖాలా ఖర్జూరం ఒకటి తను తీసుకుని ఒకటి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కూడా ఏమీ తినలేదని అత్త అప్పటికే చెప్పేసింది. ఇద్దరూ నీళ్ళు తాగారు. ఖాలా నమాజు చేసుకుని వచ్చి, సర్వపిండి తుంచి తిని, కారానికి నాలుక బయటపెట్టి నవ్వింది. లేచి వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది.

"ఇప్పుడు ఎవరూ లేరు," అంది. "ఇప్పుడు సరిగ్గా పాడు. నీ పాట నువ్వు పాడితే వినాలని ఉంది."

అమ్మ ముఖం వెలిగింది. చీర కొంగు నడుముకు చెక్కి నిలబడింది. గొంతు సవరించుకుని ఎత్తుకుంది. పైకి పోవలసిన చోట కిందికి పోయింది.

ఆగింది. సిగ్గుపడి నవ్వి, మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అదే చోట అదే తప్పు. చప్పట దరువుకు ముందే పడింది. అమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి లోలోపల వెతుక్కుంది. మూడోసారి గొంతు అసలు లేవలేదు. "ఎటు పోయిందే? బిడ్డా, అసలు ఎట్లుండె? నువ్వన్న చెప్పు" అని నా భుజం పట్టుకుని ఊపింది. నేను చెప్పబోయాను. భయంతో నాకూ రాలేదు. అమ్మ గోడకు జారగిలబడి కూర్చుని, మామను పట్టుకుపోయిన నాడు ఏడవని ఏడుపు అప్పుడు ఏడ్చింది. ఒక మనిషి దగ్గరి నుంచి ఇట్లాంటిది కూడా పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఖాలా డప్పు తీయలేదు. అమ్మ పక్కకు జరిగి, ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, నెమ్మదిగా, ఒక్కో ముక్కా పాడింది. అరబ్బీ మాటలతో కాదు. గునుగు పూలు, గుట్ట, మబ్బు అంటూ, పలకరాని మా మాటలను పలుకుతూ, బాణీ మాత్రం పొల్లుపోకుండా. ఆ గదిలో యుద్ధమంతా అమ్మ నోట విన్నది విన్నట్టే ఆమె దగ్గర ఉంది. అమ్మ వెక్కుతూనే ఒక ముక్క అందుకుంది. ఖాలా తల ఊపి తరవాతి ముక్క ఇచ్చింది.

మా అమ్మమ్మ నేర్పిన పాటను మా అమ్మ అట్లా మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ నేర్చుకుంది. ఆ తరవాత నాకు నేర్పింది.